ధ్వనికి నీరగంటి: వాల్వు కంప్రెసరు చరిత్ర

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో చెరువు లేని గ్రామము అరుదు. చెరువున్నచోట తూమును, తూమున్నచోట నీరగంటియు నుండుట పూర్వాచారము. పైరు వాడినప్పుడు తూము సడలించుటయు, మడి నిండినప్పుడు బిగించుటయు నీరగంటి పని. నీరు హద్దు మీఱినచో దానిని మరవ మీదుగ పోనిచ్చి కట్టను కాపాడుట వేఱొక ఏర్పాటు. రేడియోలోను, గ్రామఫోను రికార్డులలోను మనము వినిన పాటలకు సైతము ఇట్టి నీరగంటి యొకడు కలడు. అతడు మనుష్యుడు గాడు. గాజుబుడ్డిలో ఎఱ్ఱగ వెలుగు వాల్వు. ఆ వాల్వులతో కూడిన యంత్రమునకు కంప్రెసరు అని పేరు. దాని పుట్టుకయు, పెరుగుదలయు, నేటికిని కొందఱు ఔత్సాహికులు దానిని ఇంటనే కట్టుకొని సరిచూచుకొను విధమును ఈ ప్రసంగమునకు విషయము.

ధ్వనికి అదుపెందుకని మీరడుగవచ్చును. మన చెవికి గల శక్తి మిక్కిలి గొప్పది. చెవిలో రహస్యము చెప్పునప్పటి ధ్వని ఇంచుమించు 30 డెసిబెళ్ళు. ధ్వజస్తంభము చెంత నిలిచి నాదస్వరమును, డోలును వినినచో అది 100 డెసిబెళ్ళకు చేరువ. ఈ డెసిబెళ్ళ లెక్క కూడిక లెక్క గాదు, హెచ్చవేత లెక్క. ప్రతి 20 డెసిబెళ్ళకు గాలిలోని ఒత్తిడి పది రెట్లగును. కావున రహస్యమునకును, నాదస్వరమునకును గల 70 డెసిబెళ్ళ భేదము మూడువేల రెట్లకు పైమాట. చెవి ఈ రెండింటిని శ్రమ లేక గ్రహించును, యంత్రము గ్రహింపజాలదు. రికార్డు మీది గాడి మిక్కిలి వెడల్పుగ ఊగినచో ప్రక్క గాడిలో చొచ్చుకొనిపోవును. మిక్కిలి సన్నగ ఊగినచో పాట ముల్లు గీరు చప్పుడులో మునిగిపోవును. రేడియో ప్రసారమునందును ఇంతే. ప్రసార తరంగము మోయగల బరువునకు నూటికి నూఱుపాళ్ళు హద్దు. దానిని దాటినచో మాట బద్దలై కర్ణకఠోరమగును. ఆ హద్దుకు బహు దిగువగ పాడినచో దూరపు పల్లెలో ఆకాశపు గరగర తప్ప వేఱేమియు వినబడదు.

మన సీమకు రేడియో చెన్నపట్టణమునుండి వచ్చినది. 1924 మే 16వ తేదీన సి. వి. కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు స్థాపింపబడినది. ఆ సంవత్సరము జూలై 31వ తేదీన క్లబ్బువారు ప్రసారములు మొదలిడిరి. వారి తొలి ప్రసారయంత్రము శక్తి 40 వాట్లు మాత్రమే. నేడు ఇంటిలో వ్రేలాడదీయు పాతకాలపు బల్బునకు గల శక్తి యంత. తరువాత దానిని 200 వాట్లకు పెంచిరి. కేవలము ఔత్సాహికులు తమ చందాలతో నడపిన సంస్థ యది. ధనము చాలక 1927లో మూతపడినది. దాని యంత్రము చెన్నపురి కార్పొరేషనునకు చెందగా, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి కార్పొరేషనువారు ప్రసారములు సాగించిరి. 1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము వెలసినది. బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన తెఱవబడునంతవఱకు మన జిల్లా పెద్దలు వినిన తెలుగు ప్రసంగములు, పాటలు ముఖ్యముగ చెన్నపట్టణపువే. కడప, తిరుపతి కేంద్రములు ఆ పిమ్మటి మాట.

ప్రక్కనున్న మైసూరులో సయితము ఇట్టి గృహోద్యమమే నడచినది. 1935లో ఎం. వి. గోపాలస్వామిగారను మనశ్శాస్త్ర ఆచార్యులు తమ యింటనే చిన్న ప్రసారకేంద్రమును నెలకొల్పి దానికి ఆకాశవాణి అని పేరిడిరి. తదుపరి దేశమంతటి రేడియోకు ఆ పేరే స్థిరపడినది. ఇంటిలో కూర్చుండి తీగెలు కలుపుకొను వారిని చూచి నవ్వువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

ఆ కాలపు స్టూడియోలో ధ్వనిని అదుపు చేయువాడు మనుష్యుడే. గాజు కిటికీకి ఇవతల ఒక ఉద్యోగి బొత్తాముపై చేయి యుంచి, మీటరులోని ముల్లును కనిపెట్టి యుండును. గాయకుడు పై షడ్జమును అందుకొన్నంతనే బొత్తామును తగ్గించును. కీర్తన ముగిసి ప్రకటనకర్త మెల్లగ మాటలాడునప్పుడు పెంచును. పాట తెలిసిన ఉద్యోగి రాబోవు సంగతిని ముందుగనే ఊహించి చేయి కదలించెడివాడు. ఇది నిజముగ విద్యయే. అయినను మనుష్యుని చేయి ఎంత చురుకైనదైనను మృదంగపు దెబ్బకంటె వేగముగ కదలజాలదు. దెబ్బ పడి హద్దు దాటిన పిదప తగ్గించిన బొత్తాము, కట్ట తెగిన పిదప మూసిన తూము వంటిది.

గాయకులును తమకు తోచిన ఉపాయము చేసికొనిరి. మైకులేని రంగస్థలముపై వెనుక వరుసవఱకు వినబడునట్లు పద్యమెత్తుకొనుటకు అలవడిన గొంతులు, మైకు ముందు వెనుకకు జరుగుటయు, ముందునకు వంగుటయు నేర్వవలసివచ్చెను. చిత్తూరును తన పేరునకు ముందు నిలుపుకొన్న నాగయ్యగారు మొదలుగా గల నటగాయకులు రంగస్థలమునుండి చలనచిత్రమునకు వచ్చినది ఆ కాలముననే. 'వందేమాతరము' 1939లోను, 'త్యాగయ్య' 1946లోను వెలువడినవి. ఆనాటి రికార్డులు వినునప్పుడు గొంతు ఒకచో దగ్గఱగను, ఒకచో దూరముగను తోచుటకు ఈ నడకయు నొక కారణము.

ఇక మన జిల్లాలో రేడియో పెట్టె ముందు కూర్చున్నవారి యవస్థ చూడుడు. చెన్నపురి నుండి చిత్తూరు ఇంచుమించు 150 కిలోమీటర్లు. 1938లో మదరాసు కేంద్రపు మీడియం వేవు యంత్రము 250 వాట్లది మాత్రమే. అది పట్టణమును దాటి యెంతో దూరము చక్కగ వినబడునది కాదు. దూరప్రాంతములకు 10 కిలోవాట్ల షార్టు వేవు యంత్ర మేర్పడినది. షార్టు వేవు తరంగము ఆకాశపు పై పొరలను తాకి మరల భూమికి దిగును. ఆ పొరలు నిలుకడ లేనివి. కావున పాట ఒక నిమిషము దగ్గఱకు వచ్చినట్లు హెచ్చి, మఱు నిమిషమున కొండ వెనుకకు పోయినట్లు తగ్గును. ఈ తరుగు పెరుగులను సరిదిద్దుటకై కనిపెట్టిన ఉపాయమే మన కథకు మూలము.

దానిని తెలియుటకు వాల్వు అననేమో తెలియవలెను. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు గాలి తీసివేసిన గాజుబుడ్డిలో వేడి తీగెకు ఎదుట ఒక లోహపు రేకు నుంచి, విద్యుత్తు ఒక్క దిక్కుననే ప్రవహించునట్లు చేసెను. 1906లో అమెరికాలో డి ఫారెస్టు ఆ రెండింటి నడుమ సన్నని జల్లెడ వంటి తీగెను చేర్చెను. దానికే గ్రిడ్డు అని పేరు. వేడి తీగెనుండి వెలువడు ఎలక్ట్రానులు గ్రిడ్డు సందులగుండ రేకును చేరవలెను. గ్రిడ్డునకు ఋణవిద్యుత్తు నిచ్చినకొలది ఆ దారి ఇరుకగును. గ్రిడ్డుపై చిన్న కదలిక రేకువద్ద పెద్ద కదలికగ మాఱును. తూము పలకను రెండంగుళములు ఎత్తినంతనే కాలువ నిండ నీరు వచ్చుట వంటి దిది.

1925, 26 సంవత్సరముల ప్రాంతమున హెరాల్డు వీలరను అమెరికా యువకుడు రేడియో పెట్టెలో ఒక చిత్రమైన ఏర్పాటు చేసెను. వచ్చిన రేడియో తరంగములో కొంత భాగమును తీసి, దానిని ఋణవిద్యుత్తుగ మార్చి, ముందున్న వాల్వుల గ్రిడ్డునకే తిరిగి పంపెను. ప్రసారము బలముగ వచ్చినచో ఋణవిద్యుత్తు హెచ్చి వాల్వు తన శక్తిని తానే తగ్గించుకొనును. బలహీనముగ వచ్చినచో సడలించుకొనును. కాలువలోని నీరే తూము పలకను దింపుటయు, ఎత్తుటయు చేయుచున్నట్లు! అయితే నాటి సాధారణ వాల్వు ఇందులకు చక్కగ లొంగలేదు. కొంతదూరము మూసినంతనే హఠాత్తుగ పూర్తిగ మూసికొనిపోయెడిది, ధ్వని చెడిపోయెడిది. 1930లో స్టూవర్టు బాలంటైను, హెచ్. ఏ. స్నో అను నిరువురు దీనికి విరుగుడు కనిపెట్టిరి. గ్రిడ్డు తీగెను ఒకే ఎడముతో చుట్టక, కొంత దగ్గఱగను కొంత ఎడముగను చుట్టిరి. ఋణవిద్యుత్తు హెచ్చుకొలది దగ్గఱి సందులు ముందు మూతపడును. ఎడమైన సందులు చాలసేపు తెఱచియుండును. సన్న కన్నులు, పెద్ద కన్నులు కలిపి అల్లిన జల్లెడ యనుకొనుడు. అందువలన వాల్వు హఠాత్తుగ గాక, మెల్లమెల్లగ తన శక్తిని తగ్గించుకొనును. దీనికి వేరియబుల్ మ్యూ వాల్వు అని పేరు. మన గ్రామములలో పంచాయతి సావడియందో, మోతుబరి యింటనో మ్రోగిన వాల్వు రేడియోలలో ఇట్టి వాల్వు సర్వసాధారణము. అనగా వినువారికి తెలియకయే ఒక నీరగంటి ఆ పెట్టెలో కాపురముండెను.

వినువాని పెట్టెలో కుదిరినది పలుకువాని స్టూడియోలో ఏల కుదురదని తోచుట సహజమే. 1937లో వెస్టరన్ ఎలక్ట్రికు సంస్థవారు రేడియో కేంద్రములకై 110-ఏ అను యంత్రమును విక్రయమునకు తెచ్చిరి. హద్దు దాటబోవు ధ్వనిశిఖరములను అది తనంతట తానే అణచివేయును. శిఖరములు అణగినందున తక్కిన ధ్వనినంతటిని 3 డెసిబెళ్ళు హెచ్చించుటకు వీలుకలిగినది. 3 డెసిబెళ్ళనగా ప్రసారశక్తి రెట్టింపగుటతో సమానము. కొత్త ప్రసారయంత్రము కొనక, ఒక పెట్టెను తగిలించి రెట్టింపు శక్తి ఫలము పొందుట సామాన్య లాభము గాదు. యుద్ధానంతరము ఈ యంత్రములు రికార్డులు కోయు చోటులకు ప్రాకినవి. ఎస్టోనియా దేశమున జన్మించి అమెరికా చేరిన రైన్ నార్మా అను ఇంజనీరు రూపొందించిన ఫెయిర్‌చైల్డు 660, 670 అనునవి వీనిలో సుప్రసిద్ధములు. 670లో 20 వాల్వులు, 11 ట్రాన్స్‌ఫార్మర్లు. బరువు ఇంచుమించు 30 కిలోలు. ఒక మనుష్యుడు ఎత్తుటకు తగిన మూట. అది ధ్వనిని పట్టుకొనుటకు తీసికొను కాలము సెకనులో అయిదువేలవ వంతు. వదలుటకు సెకనులో మూడవ వంతు మొదలు 25 సెకనులవఱకు మార్చుకొనవచ్చును. వాల్వుతో పాటు కాంతికి స్పందించు కణమును వాడిన టెలిట్రానిక్సు ఎల్ఏ-2ఏ వంటి మఱికొన్ని 1960 దశకమున వచ్చినవి గాని, వాని దారి వేఱు.

ట్రాన్సిస్టరు వచ్చి వాల్వును గెంటివేసినది. మన దేశమున బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్సువారు 1960 దశకపు తొలినాళ్ళనుండి రేడియో వాల్వులను తయారుచేసిరి. తరువాత గిరాకి తగ్గి, వాల్వు సెట్లు అటకలెక్కినవి. కొన్ని పాతసామానులవారి తక్కెడ కెక్కినవి. ఇప్పుడు ఆ ఫెయిర్‌చైల్డు పెట్టెను కొనవలెనన్న ధనవంతులకు సైతము కష్టము. అందులోని 6386 వాల్వు దొరకుటయే దుర్లభము. కావుననే ఔత్సాహికులు అటకమీది సెట్లలోని 6కె7, 6బిఏ6, ఈఎఫ్89 వంటి వాల్వులను వెదకుచున్నారు. ఇవన్నియు మెల్లగ మూసికొను జాతివే. రేడియోలో వినువాని కొఱకు పనిచేసిన వాల్వునకు ఇప్పుడు పాడువాని యొద్ద కొలువు.

ఇంట కట్టు యంత్రపు స్వరూపము చెప్పెదను. పాట లోనికి వచ్చుచోట ఒక ట్రాన్స్‌ఫార్మరు. అది పాటను రెండు పాయలుగ చేసి, ఒకటి పైకి పోవునప్పుడు రెండవది క్రిందికి పోవునట్లు, జంటగ నిలిచిన రెండు వాల్వులకు అందించును. వాని రేకులనుండి వెలువడిన రెండు పాయలను మఱియొక ట్రాన్స్‌ఫార్మరు కలిపి బయటికి పంపును. రెండేల? ఒక్క వాల్వు చాలదా? చాలదు. గ్రిడ్డు ఋణవిద్యుత్తు మాఱినప్పుడెల్ల రేకు ప్రవాహమును మాఱి, బయట 'ధబ్' అను చప్పుడు వినబడును. జంట వాల్వులలో ఈ చప్పుడు రెండింట ఒకే దిక్కున కలుగును గనుక, ట్రాన్స్‌ఫార్మరులో ఒకదానినొకటి కొట్టివేసికొనును. పాట మాత్రము నిలుచును. కాడికి కట్టిన ఎద్దులు రెండును సమబలము గలవై యుండవలెననుట వంటిదే యిది. అందుచేత వాల్వులను జతపఱచుట మొదటి పని. గ్రిడ్డునకు 2, 5, 10, 15 వోల్టుల ఋణవిద్యుత్తు క్రమముగ నిచ్చి, ఒక్కొక్కచో రేకు ప్రవాహమును కొలిచి వ్రాసికొని, అన్నిచోట్ల దాదాపు సరిపోయిన రెండింటిని ఏరుకొనవలెను. ఒక్కచో సరిపోయినవి కడవఱకు సరిపోవునని నమ్మరాదు. పది వాల్వులు కొలిచిన, మంచి జత యొకటి దొరకినచో అదృష్టమే.

బయటికి పోవు పాటనుండి ఒక పిల్లకాలువ తీయవలెను. దానిని కొంత హెచ్చించి, డయోడు వాల్వుగుండ పంపి ఋణవిద్యుత్తుగ మార్చి, ఒక కండెన్సరులో నిలువచేసి జంట గ్రిడ్డులకు పంపవలెను. ఈ కండెన్సరు చిన్న తొట్టి వంటిది. ఎంత వేగముగ నిండునో యంత వేగముగ యంత్రము పాటను పట్టును. ఎంత మెల్లగ కాఱునో యంత మెల్లగ వదలును. 0.47 మైక్రోఫారడు కండెన్సరును 10 వేల ఓముల రెసిస్టెన్సుగుండ నింపినచో పట్టుటకు 4.7 మిల్లీసెకనులు; 10 లక్షల ఓముల గుండ కాఱనిచ్చినచో వదలుటకు 0.47 సెకను. రెండు సంఖ్యలను హెచ్చవేయుటయే లెక్క. బడిపిల్లవాడును చేయగలడు.

కట్టునప్పుడు కొన్ని జాగ్రత్తలు. పాత సెట్టునుండి వాల్వులను, ట్రాన్స్‌ఫార్మరులను తీసికొనవచ్చును గాని, మైనపు కాగితపు కండెన్సరులను, పెద్ద ఫిల్టరు కండెన్సరులను తీసికొనరాదు. అవి ఎండి చెడియుండును. వాల్వు ఫిలమెంటునకు 6.3 వోల్టులు తెచ్చు తీగెలు రెండింటిని జడవలె మెలిపెట్టి ఛాసిస్ మూలలవెంట పోనీయవలెను, లేనిచో హమ్ము వినబడును. ఎర్తు తీగెలన్నియు ఒక్కచోటనే కలియవలెను. మొదటిసారి కరెంటు ఇచ్చునప్పుడు, మన రేడియో మెకానికులు చేయునట్లు, సీరీసు బల్బు గుండ నిచ్చుట మేలు. ఎక్కడైన తప్పు కలిపియున్నచో బల్బు నిండుగ వెలుగును, యంత్రము కాలిపోదు. అన్నిటికంటె ముఖ్యము, వాల్వు రేకులకు 250 వోల్టుల ప్రాంతపు విద్యుత్తు నడచును, అది ప్రాణాంతకము. స్విచ్చి ఆర్పినంత మాత్రమున ఆ విద్యుత్తు పోదు. ఫిల్టరు కండెన్సరులలో నిలిచియుండును. దానిని తగిన రెసిస్టెన్సుగుండ ఖాళీచేసి, మీటరుతో చూచి, పిమ్మటనే చేయి పెట్టవలెను. అనుభవజ్ఞుని ప్రక్కన లేక పిల్లలచే ఈ పని చేయింపరాదు.

ఇప్పుడు సరిచూచుట. యంత్రము కట్టినంతనే పాట వచ్చినదని సంతోషించి మానుకొనువారే యెక్కువ. కొలిచి చూడని యంత్రము కొలమానము లేని తూము వంటిది. నీరు పోవుచున్నదేగాని యెంత పోవుచున్నదో యెవరికిని తెలియదు. 1939లో అమెరికా రేడియో సంస్థలవారును, బెల్ ప్రయోగశాలవారును కలిసి వీయూ మీటరను ముల్లును నిర్ణయించిరి. అందు సున్న యనగా సాధారణ వాడుకలో 600 ఓములపై 1.228 వోల్టులు. ఈ కొలతయే ఔత్సాహికునకును ఆధారము. సెకనునకు వేయి కంపనములు గల నిలుకడ స్వరమును ఒక ఆసిలేటరునుండి తీసికొని 1.228 వోల్టులకు నిలుపవలెను. యంత్రమునకు ఇచ్చి, పిల్లకాలువ తీగెను విడదీసి, బయట సరిగ అంతే వచ్చునట్లు బొత్తామును సర్దవలెను. ఇది మొదటి గుర్తు.

పిమ్మట జంట వాల్వుల సమత్వము. పాట లేక, గ్రిడ్డు దారిలోనికి చిన్న విద్యుత్తు దెబ్బలు పంపుచు, బయట 'ధబ్' చప్పుడు కనిష్ఠమగువఱకు సమత్వపు బొత్తామును త్రిప్పవలెను. వాల్వులు అరగంటయైన వేడెక్కిన తరువాతనే ఈ పని చేయుట మంచిది. చల్లని వాల్వుతో చేసిన సర్దుబాటు నిలువదు.

మూడవది ముఖ్యమైనది. పిల్లకాలువను మరల కలిపి, మీట తెఱచి, లోని స్వరమును రెండేసి డెసిబెళ్ళ చొప్పున పెంచుచు, బయటి కొలతను కాగితముపై వ్రాసికొనవలెను. ఉదాహరణమునకు లోపల 6 డెసిబెళ్ళు హెచ్చించితిమి. అనగా వోల్టులు రెట్టింపై 2.456 అయినవి. బయట కొలత 1.228 నుండి 1.73కు మాత్రమే పెరిగినచో, అది 3 డెసిబెళ్ళు. రెండు పెరిగినచోట ఒకటి పెరిగినది. ఇంకను 6 పెంచగా బయట 2 మాత్రమే, ఇంకను 6 పెంచగా ఒకటిన్నర మాత్రమే పెరిగినదనుకొనుడు. ఈ అంకెలను గళ్ళకాగితముపై గుర్తించి గీత గీసినచో అది కోణము లేక, చెరువు కట్ట వాలు వలె మెల్లగ వంగును. ఆ వంపే ఈ జాతి వాల్వు చేతివ్రాత. వినువారు ఈ యంత్రములను 'మృదువు' అని మెచ్చుకొనుటకు కారణ మా వంపే గాని, గాజులోని ఎఱ్ఱని వెలుగునందు మాయ యేమియు లేదు. వాల్వు పేరు చెప్పి గొప్పలు పలుకు వర్తకులు ఈ గీతను చూపరు.

ఇట్లు సరిచూచిన గీతను యంత్రపు మూతలోపల అంటించుకొనుట మంచి అలవాటు. సంవత్సరమునకొకసారి మరల కొలిచినచో వాల్వుల ముసలితనము ఆ గీతలోనే కనబడును.

కాలము సర్దుటకు మీటరు చాలదు, చెవి కావలెను. ఇచ్చట మన సంగీతమే మంచి ఒఱగల్లు. తంబుర శ్రుతితో పాడిన ఆలాపన నొకదానిని యంత్రముగుండ నడపుడు. గాయకుడు ఆగినచోటులందు తంబుర ఉబ్బెత్తుగ లేచి, మరల పాడునప్పుడు అణగిపోవుచున్నచో, యంత్రము మిక్కిలి త్వరగ వదలుచున్నదని యర్థము. మృదంగపు తొప్పి, అనగా ఎడమవైపు, గుమికి బదులు గరగర పలికినచో, యంత్రము ధ్వని యొక్క ఒక్కొక్క కంపనమునే వెంటాడుచున్నదని తెలియవలెను. వలంతల దెబ్బ మొనపోయి మెత్తబడినచో, పట్టుట మిక్కిలి వేగమైనది. సీమలో దొరకు మంచి గాత్రపు రికార్డొకటి వంద మీటరులకు సమానమని నా యభిప్రాయము.

ఇన్ని తంటాలు పడి ఈ యంత్రము నేటి మన జిల్లాలో ఎందులకు? మన గ్రామములలో ద్రౌపదీ ధర్మరాజుల గుడులవద్ద జరుగు భారత ఉత్సవములను తలచుకొనుడు. పగలు హరికథ, రాత్రి నాటకము. ఒకనాడు అర్జునవేషధారి తపస్సుమాను నెక్కుచు, మెట్టుమెట్టునకు పద్యము పాడును. క్రింద హార్మోనియము, మద్దెల మైకు చెంతనే యుండును, పాడువాడు ఆకాశములో. కడపటి దినమున దుర్యోధనవధ నాడు భీముని కేక, జనుల హోరు. ఇట్టి దానిని రికార్డు చేయబూనినవానికి 1924 నాటి చెన్నపురివారి చిక్కే ఎదురగును. తగ్గించినచో పద్యము పోవును, పెంచినచో కేక బద్దలగును. అదుపుయంత్రము అక్కడ నిజముగ అక్కఱకు వచ్చును.

అయితే అదే యంత్రము చేటును చేయగలదు. అదుపు హెచ్చినకొలది రహస్యమును, కేకయు ఒకే యెత్తున నిలుచును. నేటి జాతరలలోని లౌడుస్పీకరులు మీకు తెలియనివి కావు; పాటలో కొండయు లేదు, లోయయు లేదు, అంతయు చదును చేసిన నేల. ఒకమారు ఇట్లు అణచిన ధ్వనిని మరల మునుపటి యెత్తుపల్లములకు చేర్చు దారి లేదు. దున్ని చదునుచేసిన మిట్ట ఎక్కడ ఎంత యెత్తున నుండెనో నేల చెప్పదు గదా.

ఈ మాట తిరుపతివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తాళ్ళపాక అన్నమాచార్యులవారు 1408 నుండి 1503 వఱకు జీవించిరి. వారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయములోని సంకీర్తన భాండారమున శతాబ్దములు భద్రముగ నుండినవి. ప్రతి పాటకును రాగము పేరు చెక్కియున్నది. ఆ రాగమును వారెట్లు నడపిరో చెక్కలేదు. చెక్కు సాధన మానాడు లేదు. 20వ శతాబ్దపు నడిమి కాలమున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటివారు కొన్నింటికి తామే స్వరములు కూర్పవలసివచ్చినది. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన వేంకటేశ సుప్రభాతము రికార్డుగ వెలువడినది. ఆ గొంతు ఏ స్వరమున ఎంత నిలిచెనో, ఎక్కడ సన్నగిల్లెనో నేటికిని వినవచ్చును. ఈ రెండింటి నడుమ భేదమే ధ్వనిని నిలువచేయు విద్య తెచ్చిన భేదము.

కావున మీ యూరి భారతకథకుని, చెక్కభజన గురువును, వయసు మీఱిన పాటకత్తెను రికార్డు చేయబూను కుఱ్ఱవారు వచ్చినప్పుడు పెద్దలు ఒక్క మాట అడుగవలెను. 'నాయనా, అదుపుయంత్రముగుండ పోయిన ప్రతి ఒకటి, పోని ప్రతి ఒకటి, రెండును ఉంచుచున్నావా?' నేడు రెండు ప్రతులు చేయుటకు హెచ్చు వ్యయము లేదు. మొదటిది ఊరివారు వినుటకు, రెండవది అణచక దాచుటకు. దాచు ప్రతిలో కేకకు హద్దు మీఱకుండ ముందే 15, 20 డెసిబెళ్ళ ఖాళీ విడిచి పెట్టుకొన్నచో, పద్యము సన్నగ నున్నను పిమ్మట పెంచుకొనవచ్చును. ప్రతిమీద ఊరి పేరు, తేదీ, పాడినవారి సమ్మతితో వారి పేరు, మైకు ఎంత దూరమున నుండెనో, యంత్రము ఎన్ని డెసిబెళ్ళు అణచినదో వ్రాసియుంచవలెను. ఈ కడపటి అంకె వ్రాయుటకే పైన చెప్పిన గళ్ళకాగితపు గీత కావలసినది.